ఊపిరి బిగబట్టి కొండ దిగే లారీ

రండర్రా, ఆ చాప ఇటు లాక్కుని కూచోండి. తోసుకోకండి, అరుగు మీద అందరికీ చోటుంది. అమ్ములూ, నువ్వా స్తంభానికి ఆనుకుని చిన్నోణ్ణి ఒళ్ళో పెట్టుకో. ఇవాళ లారీ కబురు చెబుతాను. మన విల్లియనూరు మీదుగా విళుప్పురం రోడ్డులో పొద్దస్తమానం పోతూనే ఉంటాయే, వాటి కబురు. లారీ ఎలా నడుస్తుందని మీరు చాలాసార్లు అడిగారు. ఎలా ఆగుతుందని మాత్రం ఒక్కళ్ళూ అడగలేదు. నాకైతే నడవడం కన్నా ఆగడమే పెద్ద విద్యగా కనిపిస్తుంది.

మన తిరుకామేశ్వర స్వామి తేరు చూశారు కదా. వైకాశి నెలలో లాగుతారు. ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో గవర్నరు దొర స్వయంగా వచ్చి మోకు పట్టేవాడు. ఆ ఆనవాయితీ ప్రకారం ఇప్పటికీ లెఫ్టినెంట్ గవర్నరు వచ్చి పట్టుకుంటారు. మీరంతా మోకు లాగేవాళ్ళనే చూస్తారు. ఈసారి చక్రాల పక్కన నడిచేవాళ్ళని చూడండి. చేతుల్లో చెక్క మొద్దులుంటాయి. తేరు ఆగాల్సిన చోట చక్రం ముందుకి మొద్దు తోస్తారు. చక్రం దాని మీదికి ఒరుసుకుంటూ వచ్చి కిర్రుమని ఆగుతుంది. అంత పెద్ద తేరూ ఆ చెక్కముక్క మాట వింటుంది. తిరువారూరు తేరు మరీ పెద్దది, దానికి తిరుచ్చి బీహెచ్ఈఎల్ వాళ్ళు హైడ్రాలిక్ బ్రేకులు అమర్చారు. సరే, తేరు ఆగింది. ఆ నడక ఏమైంది? ఎక్కడికి పోయింది?

"పోయిందంతే తాతా!" 

ఉత్తినే పోదురా కన్నా. అరచేతులు రెండూ గట్టిగా రుద్దు. ఇంకా గట్టిగా. ఇప్పుడు బుగ్గకి ఆనించుకో. వెచ్చగా ఉందా? నీ చేతుల కదలికే ఆ వేడి. ఒరుసుకునే బ్రేకుతో ఏ బండిని ఆపినా దాని కదలిక ముప్పాతిక మూడొంతులు వేడిగానే తేలుతుంది. కాబట్టి బ్రేకు వేయడమంటే వేడిని పుట్టించి, దాన్ని ఎక్కడో ఒకచోట పారబోయడం. ఎక్కడ పారబోస్తాం అన్నదే అసలు చిక్కు. ఈ మాట పట్టుకోండి, మిగతా కబురంతా దీని వెంటే నడుస్తుంది.

ఎంత వేడి పుడుతుందో ఒక లెక్క వేద్దాం. పలమనేరు పీఠభూమి మీద ఉంది, చిత్తూరు కిందుంది. నడుమ మొగిలి ఘాట్. బెంగళూరు నుంచి వచ్చే లారీ అక్కడ 300 మీటర్ల పైచిలుకు కిందికి దిగాలి. సరుకుతో కలిపి 25 టన్నుల లారీ అనుకోండి. అది 300 మీటర్లు దిగేసరికి బయటపడే శక్తినంతా పోగేసి నీళ్ళు కాస్తే, కుళాయి కింద పట్టిన 250 లీటర్ల నీళ్ళు తెర్లిపోతాయి. మన పెరట్లో బకెట్టు 20 లీటర్లది. అలాంటివి పన్నెండూ, పదమూడో బకెట్టు సగమూ. టైర్లూ ఎదురుగాలీ అందులో కొంత పంచుకుంటాయనుకోండి, అయినా పెద్ద వాటా బ్రేకులదే.

ఇంకో సంగతి. ఆ దిగుడు పది నిమిషాల్లో పూర్తయిందంటే, ఆ పది నిమిషాలూ సుమారు 120 కిలోవాట్ల చొప్పున వేడిని పారబోస్తూ ఉండాలి. గుర్రాల లెక్కలో చెబితే 160 పైన. మన రోడ్ల మీద అలాంటి లారీ ఇంజన్లు 200 గుర్రాలకు కాస్త అటూ ఇటూగా ఉంటాయి. అర్థమైందా? కొండ ఎక్కించడానికి ఎంత ఇంజను కావాలో, క్షేమంగా దించడానికీ ఇంచుమించు అంతటి యంత్రమే కావాలి. ఆ పనంతా చక్రాల్లో ఉన్న డ్రమ్ముల మీద పెడితే ఏమవుతుంది?

డ్రమ్మంటే చక్రంతో పాటు తిరిగే ఇనప గిన్నె. దాని లోపల రెండు బ్రేకు షూలు, వాటి మీద ఒరుసుకునే పట్టీలు, అవే లైనర్లు. డ్రైవరు పెడలు తొక్కితే గాలి ఒత్తిడికి షూలు విచ్చుకుని లైనర్లు డ్రమ్ముని ఒరుసుకుంటాయి. చదును నేల మీద ఇంతకు మించింది లేదు. ఒకసారి తొక్కుతారు, వేడెక్కుతుంది, మళ్ళీ తొక్కేలోపు చల్లారుతుంది. ఘాట్‌లో చల్లారే వ్యవధి ఏదీ? డ్రమ్ము కాగి సాగుతుంది, లైనరు నుంచి దూరం జరుగుతుంది. లైనరు మాడి పట్టు జారుతుంది. తిరుమల నుంచి దిగేటప్పుడు మలుపుల దగ్గర ఒక్కోసారి మాడు వాసన ముక్కుకి తగులుతుందే, అదే ఇది. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికే వాడతారు, అందుకని ఆ వాసన ఆ దారిలోనే ఎక్కువ. డ్రైవరుకి పెడలు కాలికింద ఉన్నట్టే ఉంటుంది, తొక్కితే దిగుతుంది కూడా, బండి మాత్రం ఆగదు. ధర్మపురి నుంచి సేలం వైపు తొప్పూరు ఘాట్ అని ఉంది. అక్కడ ఇలా పట్టుతప్పిన లారీలు ముందున్న బండ్లని గుద్దుకున్న వార్తలు పేపర్లో చదివినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది.

ఇంత వేడిని ఎప్పుడూ మోస్తూ ఉండే యంత్రం లారీలో ఇంకోటుంది. అది ఇంజనే. దానికి రేడియేటరుంది, ఫ్యానుంది, వేడిగాలిని బయటికి తోసే గొట్టముంది. ఎక్కించింది అదే కదా, దించే పనిలో కూడా దాన్నే ఎందుకు వాడుకోకూడదు? ఈ ఆలోచనే ఎగ్జాస్ట్ బ్రేకు.

"ఇంజనుతో బ్రేకేంటి తాతా? అది తోస్తుంది గానీ ఆపదుగా!"

మంచి ప్రశ్న. లోపలికి పోయి సైకిలు పంపు తీసుకురా బుజ్జీ. తలుపు వెనక ఉంటుంది.

అది తెచ్చేలోపు చెబుతాను. డీజిల్ ఇంజను సిలిండరులో పిస్టన్ నాలుగు పనులు వరసగా చేస్తుంది. గాలి పీలుస్తుంది. పీల్చిన గాలిని నొక్కుతుంది. నొక్కిన గాలి భగ్గున కాగి ఉంటుంది కాబట్టి అందులోకి చిమ్మిన డీజిల్ దానంతటదే అంటుకుని పిస్టన్‌ని కిందికి తంతుంది. చివర, కాలిన పొగని బయటికి వదులుతుంది. రుడాల్ఫ్ డీజిల్ అనే ఆయన ఈ పద్ధతికి 1893లో పేటెంటు తీసుకున్నాడు, సరిగ్గా నడిచే ఇంజను 1897కి గానీ కుదరలేదు. నాలుగేళ్ళు పట్టుబట్టి కూచున్నాడు మహానుభావుడు!

పంపు వచ్చిందా? పిడి పైకి లాగు. ఇప్పుడు కింద రంధ్రం బొటనవేలితో మూసి నొక్కు. గట్టిగా ఉందా? సగం దాకా నొక్కి, వేలు తీయకుండా పిడి వదిలెయ్. చూశావా, ఎగిరి పైకొచ్చింది! నువ్వు పెట్టిన బలమంతా గాలి దాచిపెట్టుకుని నీకే తిరిగి ఇచ్చేసింది. ఇంజను రెండో పనిలో జరిగేది ఇదే. డ్రైవరు యాక్సిలేటరు మీంచి కాలు తీశాడు, డీజిల్ ఆగింది. చక్రాలే ఇంజనుని తిప్పుతున్నాయి. పిస్టన్ గాలిని నొక్కడానికి కష్టపడుతుంది, మరుక్షణం ఆ గాలే పిస్టన్‌ని తన్ని ఆ కష్టం వాపసు ఇస్తుంది. పెట్రోలు కారులో అయితే కాలు తీయగానే గాలి లోపలికొచ్చే దారి మూసుకుంటుంది, ఇంజను పీల్చలేక బండిని పట్టుకుంటుంది. డీజిల్‌లో అలాంటి మూత మామూలుగా ఉండదు. అందుకే అంత పెద్ద ఇంజనూ కొండ దిగేటప్పుడు బండిని అంతంత మాత్రమే పట్టుకుంటుంది.

ఇప్పుడు మళ్ళీ లాగు. వేలు పెట్టి బలంగా నొక్కు, అడుగు దాకా. అక్కడ పట్టుకుని వేలు తీసెయ్. బుస్సుమంది! ఇప్పుడు పిడి వదులు. పైకి లేచిందా? లేవలేదు. నొక్కిన కష్టం నీదే, వాపసు మాత్రం లేదు. గాలి తన్నకుండా దాన్ని వదిలించుకున్నావు. ఇదే కిటుకు.

ఎగ్జాస్ట్ బ్రేకు ఈ కిటుకుని నాలుగో పనిలో వాడుతుంది. పొగ గొట్టంలో, ఇంజనుకి కాస్త ఇవతల, గుండ్రటి ఇనప రేకు ఒకటుంటుంది. నడుమ ఓ ఇరుసు. మెకానిక్కులు దాన్ని బటర్‌ఫ్లై అంటారు. మామూలప్పుడు పొగకి అడ్డు రాకుండా నిలువునా ఉంటుంది. స్విచ్ వేయగానే పావు చుట్టు తిరిగి గొట్టాన్ని మూసేస్తుంది, అదే క్షణంలో డీజిల్ ఆగిపోతుంది. ఇక మంటా లేదు, పొగా లేదు, వట్టి గాలే. పిస్టన్ ఆ గాలిని మూసిన గొట్టంలోకి తోయాలి. గొట్టంలో ఒత్తిడి 3, 4 కేజీల దాకా పెరుగుతుంది. చదరపు సెంటీమీటరుకి కేజీలన్నమాట, లారీవాళ్ళు ఉత్త కేజీలనే అంటారు. ప్రతి సిలిండరూ వంతులవారీగా ఆ బిగిసిన గాలికి ఎదురు తోస్తుంది. తోయడం అవగానే లోపలి తలుపు తెరుచుకుని మిగిలిన గాలి అటు జారిపోతుంది, పిస్టన్‌ని వెనక్కి తన్నడానికి ఏమీ మిగలదు. చక్రాల జోరంతా ఇలా గాలిని తోయడానికే ఖర్చయి వేడిగా రేడియేటరు లోంచీ, గొట్టం లోంచీ పోతుంది. డ్రమ్ములు చల్లగా ఉంటాయి, నిజంగా అవసరమొచ్చిన క్షణానికి పనికొస్తాయి.

ఇందులో ఇంకో లెక్కుంది. ఇంజను ఎంత వేగంగా తిరిగితే నిమిషానికి అన్ని ఎక్కువ తోపులు. అందుకే పెద్ద గేరులో ఎగ్జాస్ట్ బ్రేకు నీరసంగా ఉంటుంది, చిన్న గేరులో ఉడుంపట్టు పడుతుంది. ఏ గేరులో కొండ ఎక్కావో ఆ గేరులోనే దిగమని పాతకాలం డ్రైవర్లు క్లీనర్లకు చెప్పేది ఇందుకే. గేరు కూడా కొండ మొదట్లోనే మార్చుకోవాలి. సగం దిగాక మారుద్దామంటే జోరు మీద గేరు పడదు, పడకపోతే బండి న్యూట్రల్‌లో ఉండిపోతుంది.

పంపుతో మీరు రెండోసారి చేసిన పని ఉందే, నొక్కి అడుగున వదిలేయడం, దాన్ని అచ్చంగా రెండో పనిలోనే చేసే బ్రేకు ఇంకోటుంది. దాని వెనక ఓ కథ ఉంది. క్లెస్సీ కమిన్స్ అని అమెరికాలో డీజిల్ ఇంజన్లు తయారుచేసిన ఆయన. 1931లో తన ఇంజను గొప్పతనం చూపించాలని న్యూయార్క్ నుంచి లాస్ ఏంజిలిస్ దాకా లారీ నడుపుకుంటూ పోయాడు. దేశమంతా దాటాక, కాలిఫోర్నియాలో కహోన్ కనుమ దిగుతుంటే బ్రేకులు పట్టు వదిలేశాయి. కింద రైలుపట్టాలు, పట్టాల మీద గూడ్సు బండి. దాని చివరి పెట్టె దాటడమూ వీళ్ళ లారీ పట్టాల మీంచి దూసుకుపోవడమూ వెంట్రుకవాసి తేడాతో జరిగాయి. ఆ భయం ఆయన్ని వదల్లేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత, పనినుంచి విరమించుకున్నాక, నొక్కిన గాలిని పిస్టన్ సరిగ్గా పైకొచ్చిన క్షణంలో వదిలేసే బ్రేకు కనిపెట్టాడు. జేకబ్స్ కంపెనీ 1961లో దాన్ని అమ్మకానికి పెట్టింది. దాని పట్టు గట్టిది, ఖరీదూ ఎక్కువే. మన పాత లారీల్లో ఎక్కువగా కనిపించేది మాత్రం ఈ రేకు బ్రేకే.

"మరి మన ఊళ్ళో కొండలేవీ? ఇక్కడెందుకు తాతా?"

అదీ అసలు సంగతి! ఇటు ఊసుడు చెరువు, అటు శంకరాభరణి ఏరు, చుట్టూ వరిచేలు. మచ్చుకైనా కొండ లేదు. అయినా ఎగ్జాస్ట్ బ్రేకు ఇలాంటి ఊళ్ళలోనే పాడవుతుంది. ఎలాగో చెబుతా వినండి.

విళుప్పురం రోడ్డు మీద ఓ షెడ్డుకి ఒకనాడు పీవై 04 బండి వచ్చింది. పీవై అంటే పుదుచ్చేరి, 04 అంటే యానాం. యానాం ఎక్కడో గోదావరి పాయ ఒడ్డునున్నా పుదుచ్చేరిలో భాగమే కదా. డ్రైవరు మన తెలుగు కుర్రాడు. మేస్త్రీకి తెలుగు రాదు, ఆ కుర్రాడికి అరవం అంతంత మాత్రం. నడుమ మాటలు అందించడానికి నన్ను పిలిచారు. నాకు అంతకన్నా కావలసిందేముంది, బెంచీ మీద బైఠాయించాను.

"ఆయ్, స్విచ్చేత్తే ఏం పట్టట్లేదండి. రేపు బెంగుళూరు లోడండి, తిరిగొచ్చేప్పుడు మొగిలి దిగాలండి" అన్నాడు.

మేస్త్రీ స్పానరు పట్టుకోలేదు. ముందు క్యాబిన్లోకి ఎక్కి గాలి మీటరు చూశాడు. 8 కేజీలుంది. సరే, గాలికి కొదవ లేదు. కీ తిప్పి, ఇంజను ఆపే ఉంచి, మమ్మల్నందరినీ నోరు మూసుకోమని స్విచ్ నొక్కాడు. ఛాసిస్ పక్కనించి 'టిక్' అని చిన్న చప్పుడు. వదిలాడు, మళ్ళీ 'టిక్'. నావైపు చూసి తల ఊపాడు. ఆ ఒక్క చప్పుడుతో సగం అనుమానాలు తీరిపోయాయి! స్విచ్ నుంచి కరెంటు వైరులో పోయి సాలినాయిడ్ అనే చిన్న విద్యుత్ కవాటాన్ని తెరుస్తుంది. అది తెరిస్తే ట్యాంకులోని గాలి సన్నటి గొట్టంలో పోయి ఓ చిన్న సిలిండరుని తోస్తుంది. సిలిండరు కడ్డీని తోస్తుంది. కడ్డీ రేకుని తిప్పుతుంది. కబురు ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఇలా అందుతూ పోతుందన్నమాట. టిక్కుమందంటే ఫ్యూజూ, స్విచ్చూ, వైర్లూ బాగానే ఉన్నాయి. చిక్కు అవతల సగంలో ఉంది. వరసలో మధ్యన ఒకచోట చెవి పెడితే ఏ సగంలో వెతకాలో తేలిపోతుంది. టిక్కు రాకపోతే మొదటి సగంలో ఫ్యూజు, క్లచ్ దగ్గరా యాక్సిలేటరు దగ్గరా ఉండే చిన్న స్విచ్చులు చూడాలి. ఆ పెడళ్ళ మీద కాలుందని బండి అనుకుంటే బ్రేకు పని చేయనివ్వదు. ఉప్పుగాలి తగిలే మన తీరంలో వైరు క్లిప్పుల్లో పచ్చటి చిలుము పట్టడమూ మామూలే.

ఇక రెండో సగం. మేస్త్రీ సర్ఫు నురగ కలిపి గాలి గొట్టం పొడుగునా బ్రష్షుతో పూశాడు. స్విచ్ నొక్కి ఉంచమన్నాడు. ఓ కీలు దగ్గర బుడగలు లేచాయి. అది బిగించాడు. తర్వాత కడ్డీని చూడమన్నాడు నన్ను. స్విచ్ నొక్కారు. కడ్డీ గోరంత కదిలి ఆగిపోయింది. వదిలితే అలాగే ఉంది. గాలి తోస్తోంది, రేకే తిరగనంటోంది.

సైలెన్సరు గొట్టం చల్లారేదాకా టీ తాగాం. నిండు లోడు మీద నడిచిన గొట్టం 400 డిగ్రీల పైన కాగి ఉంటుంది, తొందరపడితే చెయ్యి కమిలిపోతుంది. చక్రాలకి రాళ్ళు అడ్డుపెట్టి, ఆ వైపు గాలి వదిలేసి, కడ్డీ పిన్ను తీశాడు. ఇది నాకు చాలా నచ్చిన పని. పిన్ను తీయగానే రెండూ విడిపోయాయి కదా, ఇప్పుడు ఏది మొరాయిస్తోందో విడివిడిగా చూడొచ్చు. సిలిండరుకి గాలి ఇస్తే కడ్డీ చక్కగా బయటికొచ్చి, వదలగానే స్ప్రింగుతో వెనక్కి పోయింది. రేకు ఇరుసుకున్న పిడిని చేత్తో తిప్పబోతే రాయిలా ఉంది.

నాలుగు బోల్టులు విప్పి ఆ ముక్కని బల్ల మీద పెట్టాడు. లోపల కాటుక కన్నా నల్లటి మసి, గట్టిగా కట్టి గార పట్టింది. రేకు అంచు చుట్టూ ఒక వలయం. ఇరుసు బుష్షుల్లో మసీ తుప్పూ కలిసి ముద్దయ్యాయి. కుర్రాణ్ణి అడిగాను, "బాబూ, దీన్ని ఆఖరుసారి ఎప్పుడు వాడావు?" అని. "ఈ బండెక్కాక ఘాటే తగల్లేదండి" అన్నాడు. యానాం, కాకినాడ, నెల్లూరు, చెన్నై, ఇక్కడికి. 800 కిలోమీటర్ల పైచిలుకు దారి, అంతా సముద్రం వారే, అంతా చదునే. వాడే పని పడలేదు, కాబట్టి వాడలేదు. తిరగని ఇరుసు చుట్టూ పొగ రోజూ కొంచెం కొంచెం మసి పూసింది. దాని మీద వాన తేమ. అలా నెలల తరబడి నడిచి బిగిసిపోయింది.

మేస్త్రీ సుత్తి ముట్టుకోలేదు. తుప్పు వదిలే నూనె ఇరుసు రెండు కొసల్లో చుక్కలు చుక్కలుగా వేసి, ఓ గంట నానబెట్టాడు. వైర్ బ్రష్షుతో మసి గీకాడు. పిడిని కొంచెం ఇటు, కొంచెం అటు, ఓపిగ్గా ఆడించాడు. మొదట మిల్లీమీటరు, తర్వాత వేలెడు, ఆ తర్వాత టకామని పూర్తిగా తిరిగింది. కుర్రాడు గ్రీజు డబ్బా అందించబోతే చెయ్యి అడ్డుపెట్టాడు. మామూలు గ్రీజు ఆ వేడికి మాడి బొగ్గవుతుంది, మళ్ళీ అదే పట్టేస్తుంది. అంత వేడికి ఓర్చే ప్రత్యేకమైన నూనే వాడాలి.

శుభ్రం చేశాక రేకులో చిన్న రంధ్రం ఒకటి బయటపడింది. కుర్రాడు కంగారుపడ్డాడు, "చిల్లు పడిందండి, వెల్డింగు పెట్టించేత్తా" అని. వద్దు నాయనా, వద్దు! అది కంపెనీ కావాలని పెట్టిన రంధ్రం. గొట్టంలో ఒత్తిడి హద్దు మీరితే, మూసి ఉన్న కవాటాల స్ప్రింగులని గెలిచి వాటిని తోసుకుని సిలిండర్లలోకి వెనక్కి దూరుతుంది. కవాటాలు తమ సీట్ల మీద దడదడ కొట్టుకుంటాయి. కొంచెం గాలి తప్పుకోవడానికే ఆ సందు. కొన్ని బండ్లలో రంధ్రానికి బదులు రేకు చుట్టూ సన్నటి ఖాళీ వదులుతారు. ఆ గోరంత రంధ్రం వెనక ఎంత లెక్క ఉందో చూడండర్రా. ఎంత మూయాలో, ఎంత మూయకూడదో కూడా ఎవరో కూచుని ఆలోచించారు.

కొత్త ప్యాకింగు వేసి బిగించారు. పాత ప్యాకింగు వేస్తే పక్కనించి గాలి తప్పించుకుంటుంది, ఆ చోట నల్లటి చార కనిపిస్తుంది, బ్రేకు నీరసపడుతుంది. కడ్డీ పొడుగు సరిచేశాడు. రేకు పూర్తిగా మూసుకోవాలి, వదిలితే పూర్తిగా తెరుచుకోవాలి, రెంటికీ రాజీ లేదు. ఇంజను స్టార్టు చేసి రేసు ఇచ్చి స్విచ్ నొక్కాడు. గరగరమంటున్న ఇంజను గొంతు ఒక్కసారి పూడుకుపోయి, బరువుగా మూలుగుతూ దిగిపోయింది. వదలగానే పొగ గొట్టంలోంచి భుస్సున గాలి. కుర్రాడి మొహం చూడాలి అప్పుడు!

రేకు తెరుచుకుని పట్టేస్తే బ్రేకు ఉండదు, అంతే. మూసుకుని పట్టేస్తే మాత్రం మనుషుల్ని తిప్పలు పెడుతుంది. బండి లాగదు, నల్లపొగ, ఇంజను కాగిపోవడం, డీజిల్ విపరీతంగా తాగడం. డీజిల్ ఫిల్టరు మారుస్తారు, గాలి ఫిల్టరు మారుస్తారు, టర్బోని తిడతారు. తీరా చూస్తే సిలిండరులో స్ప్రింగు విరిగి రేకు సగం మూసుకుని ఉంటుంది. ముందు వంగి ఆ పిడి ఏ వైపుందో చూస్తే చాలు, ఖర్చంతా తప్పుతుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చే బీఎస్6 పొగ ప్రమాణాల బండ్లలో మాత్రం చూపుతో పని తేలదు. వాటిలో ఇవన్నీ కంప్యూటరు అదుపులో ఉంటాయి, లోపమేమిటో స్కానరు పెట్టి దాన్నే అడగాలి.

మేస్త్రీ మాటల్ని నేను తెలుగు చేసి కుర్రాడికి చెప్పినవి రెండు. ఒకటి, కొండ ఉన్నా లేకపోయినా రోజూ నాలుగుసార్లు ఎగ్జాస్ట్ బ్రేకు వాడు, టోల్‌గేటు దగ్గరకొచ్చినప్పుడు వేసినా సరే, ఇరుసు తిరుగుతుంటే మసి పట్టదు. రెండు, పొద్దున్నే గాలి ట్యాంకుల కింద రింగు లాగి నీళ్ళు వదిలెయ్. మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ. నొక్కిన గాలి చల్లారితే ఆ తేమ నీళ్ళయి ట్యాంకులో చేరుతుంది, అక్కణ్ణించి సాలినాయిడ్‌లోకి పోయి తుప్పు పెడుతుంది.

మూడోది నేనే కలిపి చెప్పాను. దిగుడులో న్యూట్రల్ చేయొద్దురా బాబూ అని. డీజిల్ మిగులుతుందని చాలామంది చేస్తారు. జరిగేది తలకిందులు! గేరులో ఉండి కాలు తీస్తే చక్రాలే ఇంజనుని తిప్పుతాయి కాబట్టి పంపు డీజిల్ చుక్క కూడా ఇవ్వదు. న్యూట్రల్ చేస్తే ఇంజను తనంతట తాను తిరుగుతూ ఉండాలి, దానికి డీజిల్ తాగాలి. పైగా ఇంజనుకీ చక్రాలకీ తెగిపోయింది కదా, ఎగ్జాస్ట్ బ్రేకు ఎంత కొత్తదైనా చక్రాల దాకా చేరదు. ఆ 250 లీటర్ల నీళ్ళు కాచే వేడంతా పాపం డ్రమ్ముల నెత్తినే పడుతుంది. వానలో, ఖాళీ బండితో మాత్రం జాగ్రత్త. ఈ బ్రేకు ఇంజను తిప్పే వెనక చక్రాలకే పడుతుంది, తడి రోడ్డు మీద బరువు లేని చక్రాలు జారతాయి.

"తాతా, కరెంటు లారీకి పొగ గొట్టం ఉండదుగా? అదెలా దిగుతుంది?"

భలే అడిగావురా! దాని మోటారే దిగేటప్పుడు డైనమో అయిపోతుంది. చక్రాలు మోటారుని తిప్పుతాయి, మోటారు కరెంటు పుట్టించి బ్యాటరీలో పోస్తుంది. వేడిగా పారబోయకుండా దాచుకుంటుందన్నమాట, ఎంత పొదుపరో చూడు. రైళ్ళలోనూ ఇదే పొదుపు. ఇప్పుడు కొత్త రకం కరెంటు ఇంజన్లు బ్రేకు వేస్తే ఆ కరెంటుని పైన వైరులోకే తిరిగి పంపుతాయి, ఇంకో రైలు వాడుకుంటుంది.

"మరి కొండ మీదే ఛార్జింగు పెట్టి, బ్యాటరీ నిండా నింపుకుని దిగితే?"

అబ్బో, నువ్వు ఇంజనీర్లకి పనిపెట్టేలా ఉన్నావే! నిండిన బ్యాటరీ ఇంక పుచ్చుకోదు. అప్పుడు ఆ కరెంటు లారీకి కూడా పాత చిక్కే, వేడిని పారబోయడానికి చోటు వెతుక్కోవాలి. అందుకే బరువు బండ్లు కొన్నింటిలో రెసిస్టర్లు పెడతారు, మిగులు కరెంటుని అవి వేడిగా మార్చి గాలికి వదిలేస్తాయి. కొండ మీదున్న డ్రైవరైతే ఇంకా తేలిక పని చేయొచ్చు. బ్యాటరీని కొంచెం వెలితిగా ఉంచుకుని బయల్దేరితే సరి, ఆ వెలితి దిగుడులో దానంతటదే నిండుతుంది.